అడిగి తెలుసుకుంటే తప్పేంటి?

మా పాత టీములో ఒక కుర్రాడుండేవాడు. కోడ్ రివ్యూలో "ఇదొకసారి చూడు" అని రాస్తే చూసి ఊరుకునేవాడు. "చూడమన్నారు, చూశాను. మార్చమని ఎక్కడన్నారు?" అనేవాడు. వెనకాల అందరం నవ్వుకునేవాళ్ళం, నాతో సహా. ముప్ఫై అయిదేళ్ళు దాటాక అతనికి ఆటిజం ఉందని తేలింది. మొన్నామధ్య టీ తాగుతూ ఇంకో సంగతి చెప్పాడు. తనూ, భార్యా ఇద్దరూ ఇష్టపడే కట్టేసుకోవడాలూ, ఆజ్ఞలిచ్చే ఆటలూ ఉన్నాయట. అదే, కింక్ అంటారే, అది. "ఇది కూడా ఆ జబ్బులో భాగమేనా అన్నా?" అన్నాడు. అప్పటికి ఏదో నసిగి ఊరుకున్నాను. నా జవాబు ఇది. (ముందు అతనికి చూపించి, సరే అన్నాకే రాస్తున్నా.)

మొదటి మాట, రెండూ జబ్బులు కావు. పెద్దవాళ్ళు పరస్పర అంగీకారంతో చేసేదాన్ని రోగాల జాబితాలోంచి ప్రపంచ ఆరోగ్య సంస్థే తీసేసింది. 2019లో ఆమోదం పొంది 2022 నుంచి అమల్లోకొచ్చిన ఐసీడీ-11లో ఆ పేర్లు లేవు. 2013 నాటి డీఎస్ఎమ్-5 కూడా, వింత ఇష్టం ఉన్నంత మాత్రాన రుగ్మత కాదనే చెబుతుంది. బాధో, ఇతరులకి హానో ఉంటేనే ఆ మాట.

మరి రెండింటికీ సంబంధమే లేదా? ఒకటి ఇంకోదానికి కారణం అనను. ఆటిజం ఉన్నవాళ్ళందరికీ కింక్ ఉండదు, కింక్ ఉన్నవాళ్ళందరికీ ఆటిజం ఉండదు. కానీ కొందరికి అది ఎందుకు హాయిగా ఉంటుందో ఊహించగలను. ఆటిజంలో స్పర్శ తేడాగా ఉండొచ్చు. మెల్లగా నిమిరితే చిరాకు, గట్టిగా అదిమితే నెమ్మది. టెంపుల్ గ్రాండిన్ పశువుల్ని పట్టి ఉంచే చట్రాన్ని చూసి తన కోసం ఒక ఒత్తిడి యంత్రం కట్టుకున్నారు. దానికీ శృంగారానికీ ఏ సంబంధం లేదు. శరీరాలన్నీ ఒకేలా ఉండవని చెప్పడానికే ఈ ఉదాహరణ.

రెండోది, నాకు అసలైనది. మన ప్రేమలన్నీ సైగల మీద నడుస్తాయి. "అర్థం చేసుకోవాలి" అంటాం. సైగలు అందని మనిషికి అది డాక్యుమెంటేషన్ లేని సిస్టమ్ :). కింక్ పాటించేవాళ్ళు మాత్రం ముందే కూర్చుని మాట్లాడుకుంటారు. ఏది సరే, ఏది వద్దు, ఏ మాటంటే వెంటనే ఆపెయ్యాలి, అయ్యాక ఒకరినొకరు ఎలా చూసుకోవాలి. "నా జీవితంలో ఎవరూ సగం మాట మింగకుండా మాట్లాడింది ఇక్కడే అన్నా" అన్నాడతను.

అలాగని అంతా భద్రమే అనుకోకండి. చిన్నప్పట్నుంచీ నలుగురిలో కలవడానికి నటించి నటించి, ఇష్టం లేకపోయినా "సరే" అనడం అలవాటైన వాళ్ళుంటారు. వాళ్ళ "సరే"ని ఇంకోసారి అడగాలి. ఉక్కిరిబిక్కిరైతే కొందరికి నోట మాట రాదు. అప్పుడు ఆపమనే మాట ఎందుకు పనికొస్తుంది? చేతిలోని వస్తువు వదిలేస్తే ఆపాలి లాంటి ఏర్పాటు ముందే ఉండాలి. అడగకుండా చేసేవాడు దానికి కింక్ అని పేరు పెట్టుకున్నా అది హింసే.

ఇంకో పక్క, ఆటిజం ఉన్న పెద్దవాళ్ళని పసిపిల్లల్లా చూసి, వాళ్ళకి కోరికలే ఉండవనుకోవడం ఉంది చూశారూ, అదీ అన్యాయమే.

ఇంతకీ మన సంగతేంటి? 2023 నాటి భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో, పద్దెనిమిది నిండిన భార్య విషయంలో భర్తకి మినహాయింపు ఇప్పటికీ ఉంది. తాళి కడితే ఇక అడగక్కర్లేదని చట్టమే అంటున్న చోట, ప్రతిసారీ అడిగే దంపతులు వింతవాళ్ళా, మనమా?

తమ్ముడూ, నువ్వడిగినదానికి నా జవాబు: నీలో జబ్బేం లేదు. అప్పట్లో నవ్వినందుకు మాత్రం నేనే సిగ్గుపడుతున్నా.

మీరేమంటారు?