ఫోర్ అంటే నాలుగు కాదు

ఆటల్లో నాకు తెలిసింది క్రికెట్టు ఒక్కటే. మాది విజయనగరం. మా ఊరి రాజవంశంవారైన విజ్జీగారు 1936లో భారత జట్టుకు నాయకులై ఇంగ్లండు వెళ్ళారు. అక్కడ వారి ఆట ఎలా సాగిందో అడక్కండి గాని, అయోధ్యా మైదానం పక్కన చేరే మా వయసువాళ్ళ కబుర్లలో ఆ ముచ్చట ఇంకా నలుగుతూనే ఉంటుంది. అంచేత మొన్న విశాఖపట్నంలో మా మేనల్లుడు నన్ను గోల్ఫు మైదానానికి లాక్కుపోయినప్పుడు, దూరాన్నుంచి ఎవరో "ఫోర్!" అని గావుకేక పెట్టగానే, ఎవడో బౌండరీ కొట్టాడు కాబోసనుకుని తలెత్తి చప్పట్లు చరిచాను.

చెవి పక్కనుంచి జుయ్యిమంటూ ఏదో దూసుకుపోయింది.

"తల మీద సేతులెట్టుకుని వంగోవాల గానండి బాబూ, సప్పట్లు కొడతారేటి!" అన్నాడు కర్రల సంచీ మోస్తున్న ఆసామి.

ఫోర్ అంటే నాలుగు కాదుట. బంతి మీ మీదికి వస్తోంది, కాచుకోండి అని. ఆ కేక వినపడితే ఎక్కడినుంచీ అని చూడకూడదు. చూసినవాడికే కంటిమీదో పంటిమీదో తగులుతుంది. రెండు చేతులతో తల కప్పుకుని, వంగి, పక్కన సంచీ ఉంటే దాని వెనక్కి చేరాలి.

చిన్న బంతే కదా అనుకోకండి. బరువు 46 గ్రాములకు మించదు, క్రికెట్టు బంతిలో మూడోవంతు కూడా లేదు. కాని మా మేనల్లుడిలాంటి అర్భకుడు సరిగ్గా తగిలించినా గంటకు 200 కిలోమీటర్లు దాటిపోతుంది. పైగా కొత్తవాడు కొట్టిన బంతి ఎటు పోతుందో కొట్టినవాడికే తెలియదు. కొట్టేవాడికి ముందుగాని, కర్ర తిరిగే మేరలోగాని నిలబడకూడదు. ముందు జట్టు బంతి అందనంత దూరం వెళ్ళేదాకా కొట్టకూడదు. ఈ రెండూ పాటిస్తే సగం ప్రమాదం తప్పినట్టే.

మీ ఇంట్లో గోల్ఫు ఎవరాడుతారండీ అంటారేమో. వాల్తేరులో తెల్లదొరలు ఈ ఆట మొదలుపెట్టింది పందొమ్మిదో శతాబ్దంలోనే. ఇప్పుడు దొరలు లేరు, డాక్టర్లూ ఇంజనీర్లూ బ్యాంకువాళ్ళూ ఉన్నారు. మావాడికి నలభై నిండగానే డాక్టరు రోజూ నడవమన్నాడు. నడవడానికి ఒక కర్రా బంతీ ఉంటే బాగుంటుందన్నాడు వీడు. మొదటిరోజే ఒళ్ళు సాగదీసుకోకుండా బలంకొద్దీ కర్ర విసిరి, వారంరోజులు నడుంపట్టీతో ఆఫీసుకు వెళ్ళాడు. తీరిక ఆటగాళ్ళకు ఎక్కువగా పట్టేసేవి నడుమూ మోచేయీనేట. పొదలోకి పోయిన బంతికోసం చెయ్యి పెట్టవద్దని మాత్రం నేనే చెప్పాను. రక్తపింజరికి గోల్ఫు నియమాలు తెలియవు.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు సంగతి మధ్యాహ్నం నాలుగింటికి వచ్చింది. పడమటి కొండల మీద నల్లగా మబ్బు పట్టింది. దూరంగా ఉరిమింది.

"ఇంకా రెండు గుంతలే, మావయ్యా. చినుకు పడితే ఆ చెట్టుకిందికి పోదాం," అన్నాడు.

నాకు కాళ్ళు ఆడలేదు.

నా పన్నెండో ఏట, ఆమదాలవలస దగ్గర మా పొలంలో, వాన వస్తోందని మా చిన్నాన్న తాటిచెట్టుకింద నిలబడ్డాడు. పిడుగు చెట్టుమీద పడింది. ఆయన పక్కకి ఒరిగిపోయాడు. ఒంటిమీద పెద్ద గాయం లేదు. ముట్టుకుంటే మనకీ కొడుతుందని ఎవరో అన్నారు. అంతే, పదిమందీ చుట్టూ నిలబడి చూశారు గాని, అరగంటదాకా ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. నన్నూ వెయ్యనివ్వలేదు. పిడుగు తగిలిన ఒంట్లో కరెంటు నిలవ ఉండదనీ, గుండె ఆగితే వెంటనే రొమ్ముమీద రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉంటే బతకవచ్చుననీ ఎన్నో ఏళ్ళకు ఒక డాక్టరుగారు చెబితే, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఆంధ్రలో 2018 ఏప్రిల్లో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు లెక్కకు వచ్చాయి. ఎక్కువగా పోయేది పొలంలో ఉన్నవాళ్ళూ పశువుల కాపరులే. అయితే పిడుగుకు పేదా గొప్పా లేదు. 1975లో షికాగో దగ్గర పోటీ ఆడుతూ లీ ట్రెవినో అనే మహా ఆటగాడు పిడుగుదెబ్బ తిన్నాడు. బతికాడు గాని, నడుముకు ఆపరేషను తప్పలేదు. 1991లో అమెరికా ఓపెన్ పోటీ చూడవచ్చినవాళ్ళు కొందరు చెట్టుకింద చేరితే, పిడుగు పడి ఒకరు పోయారు. బయలు మైదానంలో ఒంటిచెట్టే ఎత్తయినది. దాన్ని కొట్టిన పిడుగు కిందున్న మనిషిమీదికీ దూకుతుంది, నేలలోంచీ పాకుతుంది.

మెరుపు కనిపించిందా, లెక్కపెట్టండి. శబ్దం మూడు సెకన్లకు కిలోమీటరు నడుస్తుంది. ముప్ఫై లోపల ఉరుము వినపడితే పిడుగు పది కిలోమీటర్లలో ఉన్నట్టు. నేను లెక్కపెట్టాను. పద్దెనిమిది.

"కర్రలు కింద పడెయ్యరా," అన్నాను.

"ఫోన్లో 'దామిని' చూస్తానుండు..."

"దామినీ వద్దు, కామినీ వద్దు. నడు!"

నిజానికి ఆ దామిని మంచిదే. పుణెలోని వాతావరణ శాస్త్రజ్ఞులు తయారుచేసినది, చుట్టుపక్కల పిడుగుల సంగతి చెబుతుంది. మన రాష్ట్ర విపత్తుల సంస్థ కూడా మండలాలవారీగా ఫోన్లకు హెచ్చరికలు పంపుతుంది. కాని వాటిని ఇంటిదగ్గర బయలుదేరేముందు చూసుకోవాలి. నెత్తిమీద ఉరుముతుంటే కాదు.

గోడలు లేని పాకలోకి పోదామన్నాడు, వద్దన్నాను. ఆటబండి ఎక్కుదామన్నాడు, దానికీ తలుపుల్లేవు. కర్రలు మోసే ఆసామినీ పిలుచుకుని, ముగ్గురం పరుగున వచ్చి కారెక్కి అద్దాలు ఎత్తుకున్నాం. చివరి ఉరుము తరవాత అరగంట కదలనివ్వలేదు. మావాడు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఆసామి మాత్రం, "మా ఊర్లో తాటిసెట్టు కిందే నిలబడతారండి," అన్నాడు మెల్లగా.

వాళ్ళ ఊరు ఏదని అడిగాను. ఆమదాలవలసకు నాలుగు మైళ్ళట. ఆ అరగంటా అతనికి రొమ్ముమీద ఎక్కడ, ఎలా నొక్కాలో సీటుమీద దిండు పెట్టి చూపించాను. మావాడూ నేర్చుకున్నాడు. ఆ రెండు గుంతలూ వాడికింకా బాకీయే.