పన్నెండో జిల్లా మనకు కొత్త కాదు: 'క్యాచింగ్ ఫైర్' మళ్లా చూస్తే

'హంగర్ గేమ్స్' రెండో భాగం 'క్యాచింగ్ ఫైర్' 2013 నవంబర్‌ల వచ్చింది. ప్రపంచమంతా విరగబడి చూసింది. అప్పట్ల దాని గురించి నడిచిన ముచ్చట్లన్నీ దాదాపు ఒక పిల్ల, ఇద్దరు పిలగాళ్ల ప్రేమ గురించే, మంటలు లేచే గౌను గురించే. ఇప్పుడు చెన్నూరు, మందమర్రి, రామకృష్ణాపూర్ దిక్కున కూసొని మళ్లా చూస్తే వేరే సినిమా కనబడుతది.

చూడనోళ్లకు రెండు ముక్కల్లో కథ. పానెం అనే దేశం. నడుమ క్యాపిటల్ అనే సంపన్న నగరం, చుట్టూ పన్నెండు జిల్లాలు. ఏటా ఒక్కో జిల్లా నుంచి ఇద్దరు పిల్లల్ని పట్టుకపోయి, ఒక్కరు మిగిలేదాకా చంపుకునే ఆట ఆడిస్తరు, టీవీల చూపిస్తరు. కథానాయిక కాట్నిస్‌ది పన్నెండో జిల్లా. బొగ్గు జిల్లా. తండ్రి గని పేలుడుల పోయిండు. ఊరి చుట్టూ కంచె, కంచె అవతల అడవి, అడవిల వేట నేరం. ఇల్లు గడవాలంటే విల్లు పట్టుకొని కంచె దాటాలె.

ఇది మనకు కల్పన లెక్క అనిపించదు. మన జైపూర్‌ల సింగరేణి 1200 మెగావాట్ల కరెంటు ప్లాంటు ఉంది. ఓపెన్‌కాస్టులు తవ్విన మట్టి గుట్టలైనయి, ఊర్లు బొందలగడ్డలైనయి. 2012ల కవ్వాల్ టైగర్ రిజర్వ్ అయింది. తాతల కాలం నుంచి తిరిగిన అడవిల ఇప్పుడు మనమే జవాబు చెప్పుకోవాలె.

సినిమాల అన్నిటికన్నా బలమైన భాగం మొదటి గంటలనే ఉంది: విజయ యాత్ర. గెలిచిన కాట్నిస్‌ను ఊరూరా తిప్పుతరు. చేతికి రాసిచ్చిన కాగితం ఇస్తరు, అదే చదవాలె. పదకొండో జిల్లాల ఆమె కాగితం పక్కకు పెట్టి, చనిపోయిన చిన్నపిల్ల రూ గురించి సొంత మాట మాట్లాడుతది. గుంపుల ఒక ముసలాయన మూడు వేళ్లు లేపుతడు. అందరూ లేపుతరు. పోలీసులు ఆయన్ని అక్కడనే కాల్చేస్తరు. మాట ఆమెది, పానం ఆయనది.

ఈ సీన్ ఎందుకు పట్టుకుంటదంటే, మనల్ని కూడా స్టేజీలు ఎక్కిస్తరు. ఆగస్టు 9న శాలువాలు, డోలు, గుస్సాడీ టోపీ, ఫోటో. కొమురం భీం పేరు 2016ల జిల్లాకు పెట్టిండ్రు. అదే పేరు 2025 మే నెలల జీవో 49తోని ఒక కన్జర్వేషన్ రిజర్వ్‌కు కూడా పెట్టిండ్రు. జల్, జంగల్, జమీన్ అని కొట్లాడి 1940ల పానమిచ్చినాయన పేరు మీదనే అడవిల కొత్త గీత! ఆదివాసీలు రోడ్డెక్కినంక జూలైల దాన్ని నిలిపేసిండ్రు. అప్పుడు వాడిన మాట నిలిపివేత, రద్దు కాదు. విజయ యాత్ర అంటే ఇదే. మన గుర్తు వాళ్ల చేతుల, కాగితం మన చేతుల.

అట్లని సినిమాను నెత్తిన పెట్టుకోవద్దు. నవలల గేల్ అనే పిలగాడు అడవి టర్కీ కోడిని వేటాడినందుకు కొరడా దెబ్బలు తింటడు. సినిమాల ఆ కారణం తీసేసి, పోలీసు అధికారి మీద తిరగబడినందుకు కొట్టినట్టు పెట్టిండ్రు. చూడనీకి బాగుంటది గానీ, కడుపు కోసం అడవికి పోవుడే నేరం అనే అసలు ముచ్చట పోయింది. ఇంకోటి, కాల్పుల్లో పోయే ముసలాయన నల్లజాతి మనిషి, పేరు కూడా తెల్వది. ఆయన చావు కాట్నిస్ మేల్కొనడానికే పనికొస్తది. మన 'ఆర్ఆర్ఆర్'ల భీం అంత కొట్లాడి, ఆఖరికి రాముని దగ్గర చదువు అడిగినట్టే. ఇక రెండో సగంల విషపు పొగ, కోతులు, పరుగులు. అది మామూలు యాక్షన్ సినిమా.

అయినా ఈ కథకు తెర బయట బతుకుంది. 2014ల థాయిలాండ్‌ల సైన్యం అధికారం గుంజుకుంటే జనం ఆ మూడు వేళ్లే లేపిండ్రు, అరెస్టులైనయి. 2021ల మయన్మార్‌ల కూడా అదే గుర్తు. మనకు ఆ గుర్తు అరువు తెచ్చుకునే అవసరం లేదు. జోడేఘాట్ ఉంది, 1981 ఏప్రిల్ 20 ఇంద్రవెల్లి ఉంది.

మనం నేర్చుకోవాల్సింది ముగింపుల ఉంది. తిరుగుబాటుదారులు కాట్నిస్‌ను కాపాడుతరు. అప్పుడు తెలుస్తది, తిరుగుబాటు మొత్తం ఆమె పేరు మీదనే నడుస్తుందని, ఆమెకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదని. అప్పటికే పన్నెండో జిల్లా బూడిదైంది. క్యాపిటల్ ఆమెను అడగలేదు, తిరుగుబాటోళ్లూ అడగలేదు.

ఈ ప్రశ్న సర్కారుకే కాదు, మన సంఘాలకు కూడా. ఫ్లెక్సీ మీద ఆడబిడ్డ ఫోటో పెట్టినంక మీటింగుల ఆమె మాట వింటున్నమా? ధర్నాకు పిలగాళ్లను పిలిచినంక తీర్మానం రాసేటప్పుడు పిలుస్తున్నమా? గ్రామసభ లేకుండా తీసుకున్న నిర్ణయం చెల్లదని ఆఫీసర్లతో కొట్లాడే మనం, మన లోపల కూడా ఆ పద్ధతి పాటించాలె.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, వీలైతే ఈ సినిమా పదిమంది కలిసి చూడుండ్రి. రెండో సగం నడవంగ ఫోన్ చూసుకున్నా ఫరక్ పడదు. మొదటి గంట మాత్రం కండ్లు తిప్పకుండ్రి. అయిపోయినంక గూడెంల కూసొని మాట్లాడుకోండ్రి: మన చేతుల ఉన్న కాగితం ఎవరు రాసింది?

జై కొమురం భీం!