బర్త్‌డే బిర్యానీ సరే.. మంగళవారం ఎవరొస్తారు? వీధి కుర్రాళ్లకు కావాల్సిన సాయం ఇదే!

ఆదివారం వస్తే చాలు.. దిక్కులేని పిల్లల షెల్టర్ల ముందు కార్లు ఆగుతాయి. కేక్ కటింగ్, బిర్యానీ ప్యాకెట్లు, ఓ గ్రూప్ ఫొటో. గంటలో అంతా అయిపోతుంది. మంగళవారం నాడు అదే షెల్టర్‌లో ఓ కుర్రాడిని ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్లడానికి మనిషి దొరకడు. సాయం చేయాలనుకునే మనసును తప్పుపట్టాల్సిన పనిలేదు. కానీ ఆ సాయం అవసరమైన చోటికి చేరుతోందా? అసలు ప్రశ్న ఇదే.

స్టేషన్‌లో దిగితే ఎక్కడికి?

ఇంట్లో గొడవలు, తాగుబోతు తండ్రి, చదువు భయం.. కారణం ఏదైనా, పారిపోయిన పిల్లలు ఎక్కువగా ఎక్కేది రైలే. 2018 నుంచి 2024 మే వరకు ఆర్పీఎఫ్ సిబ్బంది దేశవ్యాప్తంగా 84,119 మంది పిల్లల్ని కాపాడినట్లు రైల్వే శాఖ లెక్క. విజయవాడ, సికింద్రాబాద్ లాంటి పెద్ద జంక్షన్లలో ఇలాంటి పిల్లలు దిగడం కొత్తేమీ కాదు.

వీళ్ల కోసమే జువెనైల్ జస్టిస్ చట్టం-2015లోని సెక్షన్ 43 ఓపెన్ షెల్టర్లకు చోటిచ్చింది. పిల్లల్ని వీధి జీవితానికి దూరంగా ఉంచడం, కొద్దికాలం ఆశ్రయం ఇవ్వడం వీటి పని. స్నానం, భోజనం, ఓ మంచి మాట.. ఇక్కడే మొదలవుతుంది.

18 నిండితే సీన్ మారిపోతుంది

చట్టం దృష్టిలో 18 ఏళ్లలోపు వాళ్లే పిల్లలు. ఆ తర్వాత? సంరక్షణ సంస్థల్లో పెరిగి బయటకు వచ్చినవాళ్లకు 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 ఏళ్ల వరకు తోడ్పాటు అందించే వీలుంది. మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 సాయం కూడా ఉంది. కానీ ఏ సంస్థలోనూ చేరకుండా ప్లాట్‌ఫారం మీదే పెరిగిన 19 ఏళ్ల కుర్రాడి సంగతేంటి? ఈ సాయం అతనికి వర్తించదు. పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

పెద్దల నైట్ షెల్టర్లు ఉన్నాయి కదా అనొచ్చు. నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలన్నది సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత వచ్చిన లెక్క. అక్కడ పడక దొరకొచ్చు. కానీ పని నేర్పించడం, చదువు మళ్లీ మొదలుపెట్టించడం పడకతో అయ్యే పని కాదు. లండన్‌లోని కింగ్స్ క్రాస్ ప్రాంతంలో న్యూ హొరైజన్ యూత్ సెంటర్ 1967 నుంచి నడుస్తోంది. ఇల్లు లేని యువత పగటిపూట అక్కడికి వెళ్తారు. స్నానం, భోజనంతో పాటు ఇల్లు, ఉద్యోగం వెతుక్కోవడంలో సాయం దొరుకుతుంది. 18 దాటినా 24 ఏళ్ల వరకు తలుపు తెరిచే ఉంటుంది. మన దగ్గర లోటు సరిగ్గా ఇక్కడే.

వలంటీర్ చేయగల పని ఇదీ..

ఈ లోటును కొంతవరకైనా పూడ్చగలిగేది స్వచ్ఛందంగా వచ్చే మనుషులే. ఉదాహరణకు ఆధార్. అడ్రస్ లేదని చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి గుర్తింపు పొందిన షెల్టర్ అధికారి ఇచ్చే సర్టిఫికెట్‌ను ఆధార్ నమోదుకు తీసుకుంటారు. ఆ కాగితం రాయించి, క్యూలో పక్కన నిలబడితే చాలు. ఆధార్ వస్తే బ్యాంకు ఖాతా, ఖాతా ఉంటే జీతం వచ్చే ఉద్యోగం.. ఒక్కో తలుపూ తెరుచుకుంటుంది.

ఇంకోటి.. నమ్మకం. పెద్దవాళ్ల చేతిలో పదేపదే మోసపోయిన పిల్లలు వీళ్లు. వారానికో కొత్త ముఖం వచ్చి 'ఎందుకు పారిపోయావ్?' అని అడిగితే నోరు విప్పరు. అదే మనిషి ప్రతి మంగళవారం సాయంత్రం వచ్చి లెక్కలు చెబితే.. నెలో, రెండు నెలలో వాడే దగ్గరికొస్తాడు. నెలకోసారి పది బిర్యానీలు తెచ్చేవాళ్ల కంటే, వారానికి రెండు గంటలు క్రమం తప్పకుండా వచ్చేవాళ్లే ఎక్కువ అవసరం.

రీల్స్ తీస్తే చిక్కుల్లో పడ్డట్టే!

షెల్టర్‌లో పిల్లల ముఖాలు కనిపించేలా వీడియో పెట్టడం సరదా వ్యవహారం కాదు. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని సెక్షన్ 74 నిషేధిస్తుంది. ఆరు నెలల వరకు జైలు, రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఈరోజు పెట్టిన రీల్ రేపు ఆ కుర్రాడు ఉద్యోగానికి వెళ్లినప్పుడూ వెంటాడుతుంది. అలాగే షెల్టర్ వాళ్లు పోలీస్ వెరిఫికేషన్ అడిగితే నొచ్చుకోవద్దు. అది పిల్లల భద్రత కోసమే.

అలాగని ప్రభుత్వ బాధ్యతను వలంటీర్ల నెత్తిన పెట్టలేం. శిక్షణ పొందిన కౌన్సెలర్లు, నిలకడగా నిధులు, 18 దాటినవాళ్లకు పగటిపూట ఓ చోటు.. ఇవి సర్కారే చూడాలి.

మరి సామాన్యుడు ఏం చేయాలి? ఒంటరిగా తిరుగుతున్న చిన్నారి కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. 18 దాటిన కుర్రాడు కనిపిస్తే దగ్గర్లోని షెల్టర్ దారి చూపించండి. ఈసారి పుట్టినరోజుకు కేక్‌తో వెళ్లినా సరే.. తిరిగొచ్చేముందు సిబ్బందిని ఒక్క మాట అడగండి. 'వారంలో ఏ రోజు రమ్మంటారు?'