డిశ్చార్జ్ అయ్యాక బిల్లు ఎవరు కడతారు?

ఆఫర్ లెటర్ రాగానే మీరు చూసేది ప్యాకేజీ. అందులోనే హెల్త్ ఇన్సూరెన్స్ అని ఓ లైన్ ఉంటుంది, చదివారా? నాన్నకో అమ్మకో పక్షవాతం వచ్చిన రోజున దాని విలువ తెలుస్తుంది. దాని హద్దు మాత్రం డిశ్చార్జ్ అయ్యాకే తెలుస్తుంది.

మన వైద్య బీమా అంతా ఆసుపత్రి మంచం చుట్టూనే తిరుగుతుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ అయినా, 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ అయినా, కంపెనీలిచ్చే గ్రూప్ పాలసీ అయినా ప్రధానంగా అడ్మిట్ అయితేనే ఆదుకుంటాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెరిగింది. మంచిదే. కానీ ఆయుష్మాన్‌లో డిశ్చార్జ్ తర్వాతి ఖర్చు 15 రోజుల వరకే. పక్షవాతం నుంచి కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఫిజియోథెరపీ, డైపర్లు, అటెండెంట్ జీతం.. చాలావరకు మన జేబులోంచే.

ఎందుకిలా? ఆపరేషన్‌కు మొదలు, ముగింపు ఉంటాయి. ప్యాకేజీ రేటు కట్టొచ్చు. సంరక్షణకు ముగింపు తేదీ ఉండదు. అందుకే దాని జోలికి వెళ్లడానికి బీమా సంస్థలూ ప్రభుత్వాలూ జంకుతాయి. చివరికి ఆ భారం ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ల మీదే పడుతుంది. ఉద్యోగం మానుకోవాల్సి వచ్చేదీ తరచూ వాళ్లకే. ఇది ఏ బడ్జెట్‌లోనూ కనిపించని ఖర్చు.

జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీర్ఘకాలిక సంరక్షణకు విడిగా తప్పనిసరి బీమా పెట్టాయి. జపాన్‌లో 40 ఏళ్లు నిండితే ప్రీమియం కట్టాల్సిందే. వృద్ధులు పెరిగేకొద్దీ అక్కడా ప్రీమియంలు పెరుగుతున్నాయి, సంరక్షకులు దొరకడం లేదు. అయినా ఆ భారాన్ని ఒక్క ఇంటికే వదిలేయలేదు.

మరి మీరేం చేయాలి? పాలసీలో తల్లిదండ్రులు ఉన్నారో లేదో హెచ్‌ఆర్‌ను అడగండి. ఉద్యోగం మానేస్తే ఆ కవర్ పోతుంది. కాబట్టి అదే సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో నోటీస్ పీరియడ్‌లోనే కనుక్కోండి. అమ్మానాన్నలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే వాళ్లకు విడిగా పాలసీ తీసుకోండి. ముందునుంచే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా మూడేళ్లే ఉండాలని 2024లో ఐఆర్‌డీఏఐ నిబంధన మార్చింది. 70 దాటిన పెద్దలుంటే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కార్డు వస్తుంది.

ఇవన్నీ చేసినా అటెండెంట్ జీతం మాత్రం మీదే. దానికి నెలనెలా కొంత పక్కన పెట్టండి. ఓటు అడగడానికి వచ్చిన నాయకుణ్ని మాత్రం ‘ఎన్ని లక్షలు?’ అని కాదు, ‘ఇంటికొచ్చాక ఏంటి?’ అని అడగండి.