పోస్టాఫీసుకెళ్లి ఆ కవరు తెచ్చుకోండి

పోస్ట్‌మ్యాన్ మీ తలుపుకు అంటించిపోయిన చీటీ ఇంకా ఫ్రిజ్ మీద అయస్కాంతం కిందే ఉందా? రేపే వెళ్లి ఆ సర్టిఫైడ్ మెయిల్ తెచ్చుకోండి. మా ఇంట్లో అలాంటి చీటీ మూడు వారాలు వేలాడింది. ఏ క్రెడిట్ కార్డు వాళ్లదో అనుకున్నాం. తీరిక చేసుకుని వెళ్లేసరికి కవరు పంపినవాళ్లకే తిరిగిపోయింది. వెనక వీధి కట్టడం మీద జోనింగ్ బోర్డు విచారణ నోటీసు అదని పక్కింటాయన చెప్పాకే తెలిసింది. విచారణా అయిపోయింది.

న్యూజెర్సీ సబర్బుల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఇది అర్జంటుగా తెలియాలి. 1975 నాటి మున్సిపల్ ల్యాండ్ యూజ్ చట్టం ప్రకారం, తన స్థలానికి నిబంధనల నుంచి సడలింపు (వేరియన్స్) కోరేవారు చుట్టూ 200 అడుగుల లోపున్న ఆస్తుల యజమానులకు విచారణకు కనీసం 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సర్టిఫైడ్ మెయిల్లో వేస్తే ఇచ్చినట్టే లెక్క. మనం కవరు విప్పామా లేదా అన్నది ఎవరికీ పట్టదు. అద్దెకున్నవారికైతే ఆ కవరే రాదు.

అసలు మెలిక ఆ తర్వాత. ఆ రాత్రి విచారణ తెమలకపోతే తర్వాతి తేదీ అక్కడే ప్రకటిస్తారు, మళ్లీ ఉత్తరం పంపరు. తీర్పు నచ్చక సుపీరియర్ కోర్టుకు వెళ్లాలంటే, నిర్ణయం ప్రకటన వెలువడిన రోజు నుంచి 45 రోజులే గడువు. ఆ ప్రకటనలు వార్తాపత్రికల్లో చిన్న అక్షరాల్లో వచ్చేవి. ఇప్పుడు పత్రికలే పోతున్నాయి. స్టార్-లెడ్జర్ 2025 ఫిబ్రవరిలో అచ్చు ఆపేసింది.

2020 జనాభా లెక్కల్లో ఎడిసన్ జనం 1,07,588. అందులో దాదాపు సగం ఆసియా మూలాలవాళ్లే. అయినా బోర్డు మీటింగుకు వెళ్లి చూడండి, కుర్చీలు ఖాళీ. వాట్సాప్ గ్రూపులో మాత్రం అర్ధరాత్రి దాకా మంటలే. బోర్డు సభ్యులు శత్రువులేం కారు, ఊరివాళ్లే. జోనింగ్ బోర్డులో ఏడుగురు ఉంటారు. ఆ జోన్‌లో లేని వాడకానికి అనుమతి కావాలంటే అయిదుగురు ఒప్పుకోవాలి. వాళ్లు తూచేది ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యాన్ని. ఆన్‌లైన్ పిటిషన్ మీద మూడు వందల సంతకాలు సాక్ష్యం కిందికి రావు. స్కూలు బస్సు ఏ మలుపులో ఆగుతుందో, వాన పడితే నీళ్లు ఎవరి బేస్‌మెంట్‌లోకి దిగుతాయో చూసినవాళ్లు లేచి చెబితే అది రికార్డుకెక్కుతుంది. దరఖాస్తుదారు తెచ్చిన ట్రాఫిక్ ఇంజనీరును మీరు నేరుగా ప్రశ్నించవచ్చు. హెచ్-1బి మీద ఉన్నాం, మనకెందుకని జంకకండి. అక్కడ అడిగేది పేరు, చిరునామా, పాస్‌పోర్టు కాదు.

ఇంకో హెచ్చరిక మనవాళ్ల మీదే. పక్క మతంవాళ్లు ప్రార్థనాస్థలం కట్టుకుంటామంటే "ట్రాఫిక్, పార్కింగ్" పేరిట సంతకాలు పెట్టేవాళ్లలో మన పేర్లు కనబడుతున్నాయి. బెర్నార్డ్స్ టౌన్‌షిప్‌లో ఏం జరిగిందో గుర్తుంచుకోండి. బాస్కింగ్ రిడ్జ్ మసీదు దరఖాస్తును ప్లానింగ్ బోర్డు 39 విచారణలు నడిపి 2015 డిసెంబరులో తిరస్కరించింది. చర్చిలకు ఒక పార్కింగ్ లెక్క, మసీదుకు ఇంకో లెక్క పెట్టడాన్ని ఫెడరల్ జడ్జి తప్పుపట్టారు. 2017లో 32.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అంతకుముందు బ్రిడ్జ్‌వాటర్‌లోనూ ఇలాంటి కేసే, 2014లో 77.5 లక్షల డాలర్లకు తేలింది. మన వెంకటేశ్వరుడి గుడి ఉన్నదీ ఆ ఊళ్లోనే. రేపు మనం కల్యాణ మండపానికి దరఖాస్తు పెట్టినప్పుడు అవే కుర్చీలు, అదే పార్కింగ్ ప్రశ్న.

కాబట్టి ఈ రాత్రే మీ టౌన్‌షిప్ వెబ్‌సైటులో జోనింగ్, ప్లానింగ్ బోర్డుల ఎజెండా తెరవండి. వాయిదా పడ్డ కేసుల కొత్త తేదీలూ చూడండి. అందులో మీ వీధి పేరు కనబడకపోవచ్చు, బ్లాక్, లాట్ నంబర్లే ఉండవచ్చు. మీవి మీ ప్రాపర్టీ టాక్స్ బిల్లు మీద ఉంటాయి.