"స్కోప్ ఉంది" అనే ముందు కాస్త ఆగండి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలకు "ఆన్‌లైన్ మాస్టర్స్ ఇన్ సైబర్ సెక్యూరిటీ" అమ్ముతున్నవాళ్ళ మీద నాకు కోపం ఉంది. కానీ అంతకన్నా ఎక్కువ కోపం మన సాఫ్ట్‌వేర్ జనాల మీద. ఎందుకంటే అమ్మేవాడికి కమీషనైనా వస్తుంది. మనవాళ్ళు అదే పని ఫ్రీగా చేసిపెడుతున్నారు.

ఎలాగంటారా? ఊళ్ళో బీటెక్ అయిపోయిన కుర్రాడు ఏడాదిగా ఖాళీగా ఉంటాడు. వాళ్ళ నాన్న హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న మనవాడికి ఫోన్ చేస్తాడు. "మావాడు ఇంట్ల కూసోనే సైబర్ సెక్యూరిటీ మాస్టర్స్ చేస్తా అంటుండు, చేయించమంటవా బిడ్డా?" మనవాడు ఒక మీటింగులోంచి ఇంకో మీటింగులోకి దూకుతూ, "చేయించు చిన్నాయనా, మస్తు స్కోప్ ఉంది" అని పెట్టేస్తాడు. ఎవరి డిగ్రీ, ఎంత ఫీజు, లోను ఎవరి పేరున, అసలు ఆ పిల్లాడికి నెట్‌వర్క్ అంటే ఏమిటో తెలుసా.. ఒక్క ప్రశ్న ఉండదు. ఆ ఒక్క "స్కోప్" మాట మీద అక్కడ ఈఎంఐ మొదలైపోతుంది.

ముందే చెప్తున్నా, నేను ఆన్‌లైన్ చదువుకి వ్యతిరేకిని కాను. "ఆన్‌లైన్ డిగ్రీ కూడా ఒక డిగ్రీయేనా" అని మూతి విరిచే బ్యాచ్‌లో నన్ను కలపకండి. జార్జియా టెక్ వాళ్ళు 2014 జనవరిలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌ని 7,000 డాలర్ల లోపు ఫీజుతో ఆన్‌లైన్లో మొదలుపెట్టారు. 2019 జనవరిలో సైబర్ సెక్యూరిటీ మాస్టర్స్ కూడా 10,000 డాలర్ల లోపు ఫీజుతో పెట్టారు. అసైన్‌మెంట్లు చుక్కలు చూపిస్తాయి, మార్కులు ఊరికే వెయ్యరు. అలాంటి చదువుని చిన్నచూపు చూడ్డానికి మనమెవరం?

పైగా మా పాలమూరు వైపు వాళ్ళకి దూరం అంటే ఏమిటో బాగా తెలుసు. నాగర్‌కర్నూల్‌కు రైలే లేదు. వనపర్తి పేరుతో "వనపర్తి రోడ్" అని స్టేషనుంది గానీ అది ఊళ్ళో లేదు, మదనాపురం దగ్గరుంది. గద్వాలకు రైలుంది, కానీ హైదరాబాద్ రావాలంటే సగం రోజు పోతుంది. పెళ్ళై, చిన్నపిల్లలుండి, వనపర్తిలో అత్తగారింట్లో కూర్చుని ఏదో కంపెనీకి నెట్‌వర్క్ సపోర్ట్ చేస్తున్న అమ్మాయికి ఆన్‌లైన్ మాస్టర్స్ నిజంగా వరమే. పగలు చూసిన ఫైర్‌వాల్ గురించి రాత్రి చదువుతుంది. రాత్రి చదివింది పొద్దున పనికొస్తుంది. రెండు మూడేళ్ళలో సెక్యూరిటీ టీములోకి మారుతుంది. ఆమె అడిగితే కళ్ళు మూసుకుని చెయ్యమనే చెప్తాను.

గమనించారా? ఆమెకి అప్పటికే ఉద్యోగం ఉంది. నా వాదనంతా ఇక్కడే ఉంది. ఆన్‌లైన్ మాస్టర్స్ అనేది ఉద్యోగంలో ఉన్నవాళ్ళు చేసే చదువు. దాన్ని ఉద్యోగం కోసం వెతుక్కుంటున్నవాడికి మొదటి ఉద్యోగం టికెట్ లాగా అమ్మడం అన్యాయం.

అసలు సెక్యూరిటీ పనంటే ఏమిటి? ఇల్లు కట్టడం తెలియనివాడు దొంగ ఎక్కడ కన్నం వేస్తాడో చెప్పలేడు. లినక్స్ మెషీన్లో లాగ్ ఎక్కడుంటుందో, డీఎన్‌ఎస్ ఎలా పనిచేస్తుందో, ఒక వెబ్ అప్లికేషన్ లాగిన్ వెనక ఏం జరుగుతుందో తెలియకుండా "థ్రెట్ ఇంటెలిజెన్స్", "జీరో ట్రస్ట్" అని పుస్తకం చదివితే వచ్చేది పదకోశం. ఉద్యోగం రాదు.

మన ఊరి ఉదాహరణే తీసుకుందాం. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంక్ సిస్టమ్స్‌లోకి చొరబడి 12 కోట్ల రూపాయల పైన కొట్టేశారు. పోలీసులు చెప్పిన ప్రకారం అందులో పెద్ద మాయాజాలమేమీ లేదు. బ్యాంక్ ఉద్యోగులకి ఫిషింగ్ మెయిల్స్ వచ్చాయి, కొందరు తెరిచారు, అక్కణ్ణుంచి లోపలికి దారి దొరికింది. లోపల అడ్డుకోవాల్సిన కాపలా సరిగ్గా లేదు. 2023లో రిజర్వ్ బ్యాంక్ ఆ బ్యాంకుకి 65 లక్షల జరిమానా వేసింది. ఆ రోజు ఆ బ్యాంకుకి కావలసింది మెయిల్ ఫిల్టర్, ఫైర్‌వాల్, యూజర్ హక్కులు రోజూ శ్రద్ధగా చూసుకునే మనిషి. ఆ శ్రద్ధ సర్వర్లతో కుస్తీ పడితే వస్తుంది, వీడియోలు రెట్టింపు స్పీడులో చూస్తే రాదు.

డిమాండ్ లేదనడం లేదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లో రిపోర్ట్ చెయ్యాలి, 180 రోజుల లాగ్స్ దాచిపెట్టాలి. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్లో వచ్చాయి. ఇవన్నీ పనులే, వీటికి మనుషులు కావాలి. కానీ అర్ధరాత్రి అలర్ట్ మోగితే, ఇది నిజం దాడా లేక ఎవడో పాస్‌వర్డ్ మర్చిపోయి పదిసార్లు కొట్టాడా అని తేల్చగలిగే మనుషులు కావాలి. స్కోప్ వాళ్ళకి. రెజ్యూమేలో రెండు అక్షరాలు పెరిగినవాడికి కాదు.

పాలమూరు వలస గురించి మీకు తెలుసు కదా. గుంపు మేస్త్రి ఊళ్ళోకొచ్చి, కూలీల చేతిలో అడ్వాన్స్ పెట్టి, దూరం పనులకి తోలుకుపోయేవాడు. దుర్మార్గమైన పద్ధతే. కానీ అందులో కూడా డబ్బు ముందు కూలీ చేతికొచ్చేది, వెనకాల పనుండేది. ఇప్పటి కౌన్సెలర్ మేస్త్రి దాన్నీ తిరగేశాడు. అడ్వాన్స్ పిల్లాడే కట్టాలి, అదీ లోను తీసి. పని మాత్రం "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్". ఆ మాటకి అర్థం ఉద్యోగం ఇప్పిస్తామని కాదు, వాట్సాప్ గ్రూపులో లింకులు పెడతామని.

ఇంకో మాయ అమెరికా పేరు. వీసాలు గట్టిపడ్డాయి, "ఇక్కడే కూర్చుని అమెరికా మాస్టర్స్ చెయ్" అని పల్లవి ఎత్తుకున్నారు. మంచి యూనివర్సిటీదైతే చదువు మంచిదే. కానీ పూర్తిగా ఆన్‌లైన్లో ఇక్కణ్ణుంచి చేసే కోర్సుకి ఎఫ్-1 వీసా లేదు, కాబట్టి ఓపీటీ కూడా లేదు. ఈ ముక్క కౌన్సెలర్ చెప్పడు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా చెప్పకపోతే ఎలా?

ఇక డిగ్రీ కాని డిగ్రీల సంగతి. గద్వాల సీడు పత్తి రైతు ప్యాకెట్ మీద బొమ్మ చూసి మోసపోడు, మొలక శాతం అడుగుతాడు. చదువుకి కూడా అలాంటి పరీక్షలున్నాయి.

ఒకటి. వచ్చేది యూనివర్సిటీ ఇచ్చే డిగ్రీనా, లేక "ఎగ్జిక్యూటివ్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్" లాంటి పొడుగు పేరా? బ్రోషర్లో "మాస్టర్స్" అక్షరాలు పెద్దవిగా, "సర్టిఫికెట్" అక్షరాలు చీమ తలకాయంతగా ఉంటాయి.

రెండు. మన దేశపు యూనివర్సిటీ అయితే, ఆ సెషన్‌కి ఆ కోర్సు ఆన్‌లైన్లో నడపడానికి యూజీసీ అనుమతి ఉందా? దూరవిద్య బ్యూరో సైట్లో జాబితా ఉంటుంది, చూడ్డానికి పది నిమిషాలు చాలు. 2020 నిబంధనల ప్రకారం ఇంజనీరింగ్‌ని ఆన్‌లైన్లో నడపకూడదు. కాబట్టి అలాంటి యూనివర్సిటీ పేరుతో ఎవడైనా "ఆన్‌లైన్ ఎంటెక్" అంటే అక్కడే ఆపెయ్యండి. 2017 నవంబర్లో సుప్రీంకోర్టు తీర్పుతో, అనుమతుల్లేని దూరవిద్య ఇంజనీరింగ్ డిగ్రీలు పట్టుకున్నవాళ్ళ గతి ఏమైందో గుర్తుచేసుకోండి. డిగ్రీ తీసుకుని ఏళ్ళు గడిచినవాళ్ళు కూడా ఇబ్బందుల్లో పడ్డారు.

మూడు. విదేశీ యూనివర్సిటీ పేరుని మధ్యలో ఎడ్‌టెక్ కంపెనీ అమ్ముతోందా? గుర్తింపు లేని అలాంటి డిగ్రీలు చెల్లవని యూజీసీ 2023 డిసెంబర్లోనే హెచ్చరించింది. ప్రైవేటు కంపెనీకి ఫరవాలేదేమో గానీ, రేపు ఆ పిల్లాడు ప్రభుత్వ ఉద్యోగానికో పీహెచ్‌డీకో వెళ్తే అప్పుడు తెలుస్తుంది.

"అయితే పిల్లాణ్ణి ఖాళీగా కూర్చోమంటావా?" అంటారు. కూర్చోమనను. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. అక్కడ చదువంటే వర్క్‌షాపులో చేతులు నల్లబడ్డం. సెక్యూరిటీకి ఆ వర్క్‌షాప్ ఇప్పుడు ఇంటర్నెట్లో ఉచితంగా ఉంది. ఓవర్‌దవైర్ వాళ్ళ బాండిట్ ఆట ఆడితే లినక్స్ కమాండ్లు చచ్చినట్టు వస్తాయి. పోర్ట్‌స్విగ్గర్ వాళ్ళ వెబ్ సెక్యూరిటీ అకాడమీలో ల్యాబులతో సహా అన్నీ ఉచితం. ఎన్‌పీటెల్‌లో నెట్‌వర్క్స్, క్రిప్టోగ్రఫీ పాఠాలు ఊరికే వినొచ్చు, డబ్బు కట్టాల్సింది పరీక్ష రాస్తేనే. ఆరు నెలలు వీటితో కుస్తీ పట్టి, నెట్‌వర్క్ సపోర్టో, టెస్టింగో, సిస్టమ్ అడ్మినో, ఏదో ఒక గుమ్మంలోంచి లోపలికి రమ్మనండి. రెండేళ్ళు పనిచేశాక మాస్టర్స్ చెయ్యమనండి. అప్పుడు ఏం చదవాలో వాడికే తెలుస్తుంది. కొన్ని కంపెనీలు ఫీజులో కొంత భరిస్తాయి కూడా.

"హెచ్‌ఆర్ వాళ్ళు డిగ్రీ చూసే కదా రెజ్యూమే తీసేది?" ఇదొక వాదన. నిజమే, కొన్నిచోట్ల మాస్టర్స్ అడుగుతారు. కానీ ఆ పోస్టు కింద అనుభవం ఎన్నేళ్ళు అడిగారో కూడా చదవండి. ఆ గడిలో సున్నా ఉన్నవాడికి పైగడిలో మాస్టర్స్ ఉన్నా ఒరిగేది తక్కువ. ఫ్రెషర్‌ని తీసుకునేచోట మాత్రం కూర్చోబెట్టి ఒక ప్యాకెట్ క్యాప్చర్ ఇచ్చి ఇందులో ఏం జరిగిందో చెప్పమంటారు. అక్కడ డిగ్రీ నోరు విప్పదు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ మహాశయులారా, ఈసారి ఫోనొస్తే "స్కోప్" మాట మింగెయ్యండి. బ్రోషర్ పంపమనండి. పైన చెప్పిన మూడూ చూడండి. లోను ఎవరి పేరున ఉందో, ఉద్యోగం రాకపోతే ఎవరు కడతారో అడగండి. తర్వాత ఆ పిల్లాడితోనే ఒక అరగంట మాట్లాడండి, వాడికి లినక్స్ ఇన్‌స్టాల్ చెయ్యడం వచ్చో రాదో తెలుసుకోండి. రాకపోతే నేర్పండి. కుదిరితే మీ కంపెనీలో ట్రైనీ పోస్టుకి రిఫర్ చెయ్యండి.

అంత తీరిక లేదంటారా? అయితే "నాకు తెలీదు" అనండి. అది సలహా కాకపోవచ్చు గానీ, దాని మీద ఎవరికీ లోను పుట్టదు.