పంపినదెంత, అందిందెంత?

2017లో అమెరికా పాలనలోని ప్యూర్టోరికో దీవిలో ఒక మనిషి తుపాను వల్లే చనిపోయాడని ధ్రువీకరించాలంటే శవాన్ని రాజధాని శాన్ హువాన్‌లోని ఫోరెన్సిక్ సంస్థకు తీసుకురావాలి, లేదంటే అక్కడి వైద్యాధికారి ఆ ఊరికి వెళ్లి చూడాలి. ఆ ఏడాది సెప్టెంబరు 20న మరియా హరికేన్ గంటకు దాదాపు 250 కిలోమీటర్ల గాలులతో విరుచుకుపడింది. దీవి మొత్తానికీ కరెంటు పోయింది. ఫోన్లు మూగబోయాయి. కొండ ఊళ్లకు వెళ్లే రోడ్లు తెగిపోయాయి. ఆ స్థితిలో శవాన్ని రాజధాని దాకా మోసుకెళ్లేదెవరు? అక్టోబరు 3న అధ్యక్షుడు ట్రంప్ అక్కడికి వెళ్లేసరికి సర్కారు లెక్కలో మృతులు 16 మంది. ఆ అంకెను కత్రినా హరికేన్ నాటి వేల మరణాలతో పోల్చి ఆయన అధికారులను మెచ్చుకున్నారు. డిసెంబరుకు లెక్క 64 అయ్యింది, నెలల తరబడి అక్కడే ఆగిపోయింది.

జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు మరో దారి పట్టారు. తుపాను రాకపోయి ఉంటే 2018 ఫిబ్రవరి దాకా ఎంతమంది చనిపోయేవారో అంచనా వేసి, నిజంగా చనిపోయినవారి సంఖ్యతో పోల్చారు. తేడా 2,975. 2018 ఆగస్టులో ప్యూర్టోరికో ప్రభుత్వం ఆ సంఖ్యనే అధికారికంగా ఒప్పుకుంది.

సహాయ చర్యలను బేరీజు వేసేవాళ్లు మొదట చూడవలసింది 64కూ 2,975కూ మధ్య ఉన్న ఈ తేడానే. ఇల్లు కూలి చనిపోయినవాళ్లను తుపాను చంపింది. డయాలసిస్ అందకో, ఇన్సులిన్ చల్లగా దాచుకునే వీలులేకో, ఆక్సిజన్ యంత్రం ఆగిపోయో వారాల తర్వాత చనిపోయినవాళ్లను సాయం అందించి కాపాడి ఉండవచ్చు. హార్వర్డ్ యూనివర్సిటీ బృందం 3,299 ఇళ్లకు వెళ్లి అడిగితే, ఆ ఏడాది చివరిలోగా ఒక్కో ఇల్లు సగటున 84 రోజులు కరెంటు లేకుండా, 68 రోజులు నీళ్లు లేకుండా గడిపిందని తేలింది. ఆ ఇళ్లవాళ్లు చెప్పిన మరణాల్లో దాదాపు మూడోవంతుకు వైద్యం ఆలస్యమవడమో, మధ్యలో ఆగిపోవడమో కారణం. 64 అనే అంకెలో ఈ మనుషులు కనబడరు.

అమెరికా కేంద్ర విపత్తు సంస్థ ఫెమా చెప్పుకోదగిన కారణాలు లేకపోలేదు. అదే నెల రోజుల్లో టెక్సస్‌ను హార్వీ, ఫ్లోరిడాను ఇర్మా హరికేన్లు ముంచాయి. సిబ్బంది అటూ ఇటూ చెదిరిపోయారు. ప్యూర్టోరికో గిడ్డంగిలోని సరుకులో చాలా భాగం ఇర్మా బాధితుల కోసం పక్కనున్న వర్జిన్ దీవులకు వెళ్లిపోయింది. సన్నద్ధత చాలలేదని ఆ సంస్థే 2018 జులైలో తన నివేదికలో ఒప్పుకుంది. అయినా ఏటా హరికేన్లు తిరిగే దారిలో ఉన్న దీవిలో గిడ్డంగి నింపి ఉంచకపోవడాన్ని దురదృష్టం అని సరిపెట్టుకోలేం.

భోజనాల కథ మరీ బాధాకరం. 3 కోట్ల భోజనం పొట్లాలకు 15.6 కోట్ల డాలర్ల కాంట్రాక్టును అట్లాంటాలో ఒకే ఒక్క మనిషి నడిపే కంపెనీకి ఇచ్చారు. 1.85 కోట్ల పొట్లాలు రావలసిన సమయానికి వచ్చినవి 50 వేలు. వాటిలోనూ వేడి చేసుకునే సంచులు విడిగా వచ్చాయి. కాంట్రాక్టు రద్దయింది. అదే సమయంలో వంటమాస్టర్ హోసే ఆంద్రేస్ శాన్ హువాన్‌లో స్థానిక వంటవాళ్లను కూడగట్టి, స్టేడియంలోనూ బళ్లలోనూ పొయ్యిలు వెలిగించి, 30 లక్షలకు పైగా భోజనాలు పెట్టించారు. వండేది ఆ ఊరివాళ్లే కాబట్టి ఏ వీధిలో ఎవరు ఆకలితో ఉన్నారో వాళ్లకు తెలుసు.

ఏడాది తర్వాత, 2018 సెప్టెంబరులో, ప్యూర్టోరికోలోని సేబాలో ఒక రన్‌వే మీద లక్షల నీళ్ల సీసాలు ఎండలో పడి కనిపించాయి. పంపిన సాయం లెక్కలో అవీ ఉన్నాయి.

డబ్బు సాయానికి ఇంకో అడ్డు పడింది. ఇల్లు బాగు చేసుకోవడానికి డబ్బు కావాలంటే అది తమదేనని కాగితం చూపాలి. తాతలు కట్టిన ఇంట్లో దస్తావేజు లేకుండా ఉంటున్న కుటుంబాలు ప్యూర్టోరికోలో ఎన్నో. (ఈ కష్టం మన పల్లెలకూ తెలియనిది కాదు.) వేల దరఖాస్తులను తోసిపుచ్చారు. కాగితం లేనివాళ్లు స్వయంగా రాసిచ్చే ధ్రువీకరణను కూడా ఒప్పుకోవాలని ఫెమా నిబంధన మార్చింది 2021 సెప్టెంబరులో. ఆ నాలుగేళ్లూ టార్పాలిన్ కింద గడిపినవాళ్లను పిలిచి అడగకుండా రాసిన ఏ సమీక్షా పూర్తి కాదు. ఎన్ని ఓడలు వచ్చాయి, ఎన్ని టన్నులు దిగాయి అన్నది ఆఫీసులో కూర్చుని చెప్పవచ్చు. మొదటి పూట అన్నం ఎన్నో రోజున దొరికిందో తిన్నవాళ్లే చెప్పాలి.

ఆద్‌హుంతాస్ అనే కొండ పట్టణంలో కాసా ప్వేబ్లో అనే స్థానిక సంస్థకు ఒక ఇల్లుంది. మరియా తర్వాత చుట్టుపక్కలవాళ్లు ఫోన్లకూ వైద్య పరికరాలకూ చార్జింగ్ పెట్టుకోవడానికి వచ్చింది అక్కడికే. ఆ తర్వాత కరెంటు వ్యవస్థను తిరిగి కట్టడానికి అమెరికా కేంద్ర ప్రభుత్వం వందల కోట్ల డాలర్లు ప్రకటించింది. 2022 సెప్టెంబరు 18న ఫియోనా హరికేన్ వచ్చేనాటికి అందులో ఎక్కువ భాగం ఖర్చే కాలేదు. దీవి మొత్తం మళ్లీ చీకట్లోకి వెళ్లింది. ఆద్‌హుంతాస్‌లోని ఆ ఇంటి పైకప్పు మీది సోలార్ పలకలు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి.